లతీఫ్ మార్చని తాళం

విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఎవరింటి తాళం మొరాయించినా ముందు గుర్తొచ్చేది లతీఫే. పాత పోస్టాఫీసు దాటి హార్బరు వైపు దిగే సందు మొదట్లో, ఇప్పుడు సగం కూలిన గోదాము గోడను ఆనుకుని అతని బడ్డీ ఉంది. బడ్డీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒకరు కూర్చుని ఇంకొకరు నిలబడితే నిండిపోతుంది. తాళంచెవి బిగించే ఒక వైసు, దాన్ని అరగదీసే నాలుగైదు ఆకురాళ్లు, చెవులు కోసే చిన్న మిషను, వెనక చెక్కకి మేకులు కొట్టి వేలాడదీసిన తాళంచెవులు. గాలి వేస్తే అవి ఒకదానికొకటి తగిలి మోగుతాయి. హార్బరు గాలి ఎప్పుడూ వేస్తూనే ఉంటుంది కాబట్టి ఎప్పుడూ మోగుతూనే ఉంటాయి. లతీఫ్‌కి ఆ చప్పుడు వినిపించడం మానేసి చాలా ఏళ్లయింది.

అతనికి రెండు పట్టుదలలున్నాయి. మొదటిది తండ్రి ఫారూఖ్ నుంచి వచ్చింది. చేసిన ప్రతి చెవికీ ఒక గుండ్రటి రేకు బిళ్ల కట్టాలి, దానిమీద మేకుమొనతో చుక్కలు చుక్కలుగా ఆ చెవి ఎవరిదో వాళ్ల పేరు తెలుగులో పొడవాలి. పేటలో ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు తాళాలవాళ్లనే పిలిచి స్టేషన్లో కూర్చోబెట్టే రోజుల్లో ఫారూఖ్ ఈ పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరిదో తెలియని చెవి తన దగ్గర ఒక్కటి కూడా లేదని చూపించుకోవడానికి. ఆ రోజులు పోయాయి గానీ బిళ్లలు పోలేదు. ఆ భయం కూడా పూర్తిగా పోలేదు.

రెండో పట్టుదల లతీఫ్ సొంతం. ఎవరైనా వచ్చి చెవి పోయింది, ఇంకోటి చేసిపెట్టమంటే సుతరామూ ఒప్పుకోడు.

"పోయిన సెవి ఎవుడి సేతిలో ఉందో నీకు తెల్సా బావా? తెల్దు గదా. మరి తాళవే మార్సీ," అంటాడు. నవ్వుతూనే అంటాడు, కానీ చెవి మాత్రం చెయ్యడు.

మరి అంతటి మనిషి సొంతింటి గుమ్మం సంగతి చూడండి. ఆరేళ్ల కిందట భార్య మెహబూబ్ బీ తాళంచెవి అతని చేతిలో పోయింది. కొత్త చెవి చేసి ఇచ్చాడు, తాళం మాత్రం ఈనాటికీ మార్చలేదు. ఆ ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు గానీ తిట్టాల్సి వచ్చినప్పుడు మెహబూబ్ బీ తెలుగులోకి దిగుతుంది. "పోయిన సెవి ఎవుడి సేతిలో ఉందో నీకు తెల్సా?" అని అతని మాట అతనికే అప్పజెబుతుంది. "ఊరందరి సేతా తాళాలు మార్పించీవోడివి, మన గుమ్మం కాడికొచ్చీసరికి నీకేటొచ్చింది?"

"మారుత్తాన్లేవే," అని అతను టీ గ్లాసులోకి చూస్తాడు.

చెవి పోయిందన్నది అబద్ధం. అతనే ఇచ్చేశాడు. ఎవరికిచ్చాడో మాత్రం అతనికీ తెలియదు.

ఇదంతా ఆ గోదాము గోడతో మొదలైంది. బ్రిటిష్‌వాళ్ల కాలంలో అందులో బస్తాలు నిలవ చేసేవారట. ఒక వానాకాలం, నీళ్లు ఎక్కణ్ణుంచి కారుతున్నాయో చూద్దామని లతీఫ్ గోడలో వదులుగా ఉన్న రాయొకటి లాగితే, వెనక గూడులో ఒక ఇనప డబ్బా కనిపించింది. మూతకి కొక్కెం ఉంది, తాళం లేదు. తీసి చూస్తే లోపల ఒక గోళీ, ఏ దేశానిదో ఒక నాణెం, ప్లాస్టిక్ ఏనుగు, పిల్లల క్లిప్పు. చుట్టచుట్టిన కాగితం మీద రకరకాల చేతిరాతల్లో ఇంగ్లీషులో పేర్లు. ఇంగ్లీషు అతనికి రాదు. వచ్చినా ఆ పేర్లు చదివేవాడు కాదు. ఎందుకంటే అదేమిటో అతనికి చూడగానే అర్థమైపోయింది.

లతీఫ్ దగ్గర మొక్కు తాళాలు కూడా దొరుకుతాయి. చిన్నవి, ఇత్తడివి. కోరిక ఉన్నవాళ్లు కొనుక్కుపోయి, తాము నమ్మిన దర్గా కటకటాలకి తగిలించి, చెవి ఇంట్లో దాచుకుంటారు. కోరిక తీరాక వెళ్లి ఆ తాళం విప్పుతారు. సాయిబులే కాదు, పోర్టు కళాసీల ఇంటి ఆడవాళ్లూ, స్టీలుప్లాంటు క్వార్టర్ల నుంచి వచ్చేవాళ్లూ కొంటారు. జీవితమంతా మొక్కుల మధ్యే కూర్చున్నవాడికి, గోడ గూట్లో ఎవరూ చూడకుండా దాచిన చిల్లర వస్తువులు, పేర్లు రాసిన కాగితం కనిపిస్తే ఇంకేం తోస్తుంది? ఇదీ ఒక మొక్కు చోటే అనుకున్నాడు. ఏ పెద్దాయన పేరున వెలసిందో, ఎవరు నమ్ముతున్నారో. బిస్మిల్లా అని మూత వేసి, డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టి, రాయి మూశాడు.

వచ్చేవాళ్ల తీరు కూడా అతని ఊహకి సరిగ్గా సరిపోయింది. నెలకొకరో ఇద్దరో వచ్చేవాళ్లు. అందరూ పైఊళ్లవాళ్లే, భుజాన సంచులతో. ఫోను చూసుకుంటూ వచ్చి, అటూ ఇటూ బెరుకుగా చూసి, ఊడని బూటు తాడు కట్టుకుంటున్నట్టు గోడ దగ్గర వంగేవాళ్లు. కొందరైతే అవసరం లేని కీచెయిన్ కొని, బేరం ఆడుతూ ఓరకంట గోడ చూసేవాళ్లు. మొక్కుకునే మనిషిని గుచ్చి చూడకూడదు. అందుకని లతీఫ్ వీపు తిప్పి చెవులు సర్దుకుంటూ కూర్చునేవాడు. రాయి జరిగిన చప్పుడు, మళ్లీ మూసిన చప్పుడు వినిపించాకే ఇటు తిరిగేవాడు. హమ్మయ్య, తాళాలాయన చూడలేదు అనుకుని వాళ్లు పోయేవాళ్లు. హమ్మయ్య, వీళ్ల పని అయింది అనుకుని ఇతను ఆకురాయి అందుకునేవాడు. ఇలా ఒకరికి తెలియకుండా ఒకరు ఎన్నాళ్లో మర్యాద చేసుకున్నారు.

పైగా ఆ డబ్బా సేవ కూడా లతీఫే తలకెత్తుకున్నాడు. వానలు మొదలవక ముందు తీసి ఎండబెట్టేవాడు. కొక్కేనికి నూనె వేసేవాడు. నీళ్లు దిగకుండా మూత చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క అంటించాడు. లోపలి వస్తువు ఒక్కదాన్నీ ముట్టలేదు.

మెహబూబ్ బీకి గుండె ఆపరేషన్ అన్నది ఆ తర్వాతే. కవాటం చెడిందన్నారు. మెట్టు ఎక్కితే ఆయాసం, బిందె ఎత్తితే ఆయాసం. ఆస్పత్రిలో చేరిన రోజు ఆవిడ బియ్యం ఎక్కడున్నాయో, చింతపండు ఎక్కడుందో లతీఫ్‌కి అప్పజెప్పింది. చివరికి కొంగుముడి విప్పి గుమ్మం చెవి తీసి అతని చేతిలో పెట్టి, కసురుతున్నట్టు తెలుగులోకి దిగింది. "నా సెవి నీ కాడ ఉంచు. ఇక్కడైతే ఎక్కడో పోద్ది." పెళ్లయిన కొత్తలో అతను చేసిచ్చిన చెవి. దాని బిళ్ల మీద మెహబూబ్ బీ అని అతను పొడిచిన చుక్కలు అరిగిపోయి మెరుస్తున్నాయి.

బట్టలు తేవడానికి ఇంటికి బయల్దేరిన మనిషి, కాళ్లు తీసుకొచ్చినట్టు బడ్డీకి వచ్చాడు. మొక్కు తాళం ఒకటి తీసుకుని దర్గాకి వెళ్లొచ్చు. కానీ అమ్ముకునేవాడు తన సరుకుతోనే అడగడం అతనికి ఎబ్బెట్టుగా తోచింది. అదీగాక తాళం మొక్కులో చెవి మన దగ్గరే ఉండిపోతుంది. సగం దేవుడికిచ్చి సగం మన జేబులో ఉంచుకున్నట్టే. ఆ రోజు లతీఫ్‌కి ఏమీ ఉంచుకోవాలని లేదు. ఇంటి చెవిని మేకుమొన కింద పెట్టి, బిళ్ల వెనకవైపు పొడిచాడు: గుండె ఆపరేషన్. బాగవ్వాలి. గోడ రాయి తీసి ఆ చెవిని డబ్బాలో పెట్టాడు. ఇల్లు నీ చేతిలో పెట్టాను, ఆ మనిషిని నాకు ఇంటికి పంపించు, ఈ చోటు ఎవరిదైతే వాళ్ల మనుషులకి కడుపునిండా తీపి పెడతాను అని మొక్కుకున్నాడు.

ఆపరేషన్ అయి, ఆవిడ కళ్లు తెరిచి కాఫీ కావాలందని నర్సు చెప్పాక, లతీఫ్ పరుగున వచ్చి డబ్బా తీసి చూశాడు. చెవి లేదు. అది ఉన్న చోట చిన్న చెక్క పడవ ఉంది. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయని కూడా చూడకుండా గోడకి నుదురు ఆనించి ఏడ్చాడు. మొక్కు అందింది, అనుకున్నాడు. తాళం మార్చకపోవడానికి కారణం అదే. ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కున్నట్టు అవుతుందని.

ఇక తీర్చడం మిగిలింది. అక్కడే చిక్కొచ్చింది. ఎవరికి తీర్చాలి? దర్గా చూసుకునే ముజావర్ని అడిగాడు, పేటలో ముసలివాళ్లని అడిగాడు. ఆ గోడలో ఏ పెద్దాయన ఉన్నాడో ఎవరికీ తెలియలేదు. ఏటేటా సందులో పిల్లలకి బూందీ పంచేవాడు గానీ, అది పెట్టాల్సిన చోట పెట్టినట్టు కాదని మనసు పీకుతూనే ఉండేది. మెహబూబ్ బీ మెట్ల మీద ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుంటే చాలు, ఇతని గుండె జారిపోయేది. బాకీ పడ్డ మొక్కు గుర్తొచ్చేది. ఆమెకి చెప్పుకుందామంటే, మొక్కు తీరకముందు చెప్పకూడదు.

ఇదిలా ఉండగా ఈ ఏడాది వేసవిలో కాలవ పని అంటూ యంత్రం వచ్చి గోదాము గోడ మీద పడింది. లతీఫ్ దానికి అడ్డంపడి, డ్రైవర్‌ని బతిమాలి, రాయి తీసి డబ్బా బయటికి లాగాడు. మరుక్షణం గోడలో ఆ సగం కూలింది. డబ్బాను కొత్త తువ్వాలులో చుట్టి బడ్డీ సొరుగులో దాచాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు రాళ్లగుట్ట చుట్టూ తిరిగి ముఖాలు వేలాడేసుకుని పోతుంటే అతనికి ప్రాణం ఉసూరుమనేది. ఒక కుర్రాడిని పిలిచి చెప్పబోయాడు కూడా. నోరు తెరవగానే ఆ అబ్బాయి, బాత్రూమ్ ఎక్కడుందండీ అని అడిగి, చెప్పకముందే వెళ్లిపోయాడు.

అలా ఒక ఆదివారం పొద్దున్న ఎదురు టీకొట్టు దగ్గర గుంపు చేరింది. ఒక డచ్ జంట, పుణె నుంచి ఇద్దరు కుర్రాళ్లు, జుట్టు నెరిసిన ఒక టీచరమ్మ, ఇంకో ముగ్గురు నలుగురు. అందరినీ కూడగట్టింది అలేఖ్య అనే గాజువాక అమ్మాయి. వాళ్ల నాన్న గంగాధరరావు అమలాపురం వైపు నుంచి స్టీలుప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. టీలు తాగుతూ, ఊళ్ల పేర్లు చెప్పుకుంటూ, ఎవరెక్కడెక్కడ తిరిగారో ఒకరికొకరు ఫోన్లలో చూపించుకుంటూ నవ్వుకున్నారు. తర్వాత అందరూ కలిసి రోడ్డు దాటి గోడ దగ్గరికి వచ్చారు.

లతీఫ్ అలవాటు ప్రకారం వీపు తిప్పాడు. కానీ ఈసారి ధ్యాసంతా వెనక్కే ఉంది. రాళ్లు కదిలించిన చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత పుణె కుర్రాడొకడు హిందీలో అన్న మాట వినిపించింది.

"ఎవడో దొంగిలించేశాడు."

లతీఫ్ చూపు సొరుగు మీదికి పోయింది. తండ్రి ఫారూఖ్ స్టేషన్ బల్ల మీద కూర్చుని బిళ్లలు ఒక్కొక్కటే చదివి వినిపించడం అతను చిన్నప్పుడు చూశాడు. డబ్బా తన సొరుగులోనే ఉంది. తాళాలవాడి సొరుగులో పరాయి సొత్తు. ఇప్పుడు ఊరుకుంటే దొంగ అవుతాడు, చెబితే కూడా అవ్వొచ్చు. కానీ ఆరేళ్లుగా ఎవరి కోసం వెతుకుతున్నాడో ఆ మనుషులు ఇన్నాళ్లకి గుంపుగా వచ్చి నిలబడ్డారు. లేచి, తువ్వాలు మూట రెండు చేతుల్లో పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఎవలూ ఎత్తుకెల్లలేదు బాబూ. నా కాడే ఉంది. మిసనొచ్చి గోడ పడగొట్టేత్తంటే తీసి దాసినాను. మీ మొక్కులు మీరే సూసుకోండి, నానేటీ ముట్టలేదు. వానాకాలం నూని ఏసీవోణ్ణి, అంతే."

అలేఖ్య మూట విప్పి, డబ్బా చూసి, మూత చుట్టూ ఉన్న ట్యూబు ముక్కని వేలితో తడిమింది. "నూనె వేసింది మీరా అంకుల్? ఈ రబ్బరు కూడా?"

"ఏటమ్మా, తప్పా?"

"తప్పేటి అంకుల్. దీన్ని పెట్టినాయన ఓడల్లో ఇంజనీరు, ఎప్పుడో ఊరొదిలి వెళ్లిపోయారు. చూసుకోమని నాకు అప్పజెప్పారు గానీ నేను వచ్చేదే తక్కువ. వచ్చినోళ్లందరూ పెట్టె పొడిగా ఉంది, ఎవరో బాగా చూస్తన్నారు అని రాస్తంటే, ఆ ఎవరో ఎవరా అని అందరం అనుకుంటన్నాం. అయితే మొక్కులేటి అంకుల్?"

అతను చెప్పాడు. చెవి సంగతి తప్ప మిగతాదంతా చెప్పాడు. వింటున్న అలేఖ్య ముఖంలో నవ్వు వచ్చి, వెంటనే ఆగిపోయింది. చాలా నెమ్మదిగా విప్పి చెప్పింది. ఇది ఆట. ప్రపంచమంతా ఆడతారు. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు గుర్తు ఇంటర్నెట్లో పెడతారు. ఊరు చూడటానికి వచ్చినవాళ్లు ఫోను పట్టుకుని వెతుక్కుంటారు. దొరికితే కాగితం మీద పేరు రాసి, కావాలంటే ఒక వస్తువు తీసుకుని ఇంకోటి పెట్టి, డబ్బాను మళ్లీ అక్కడే దాచేస్తారు. దారిన పోయేవాళ్లకి తెలియకుండా ఆడాలి, అదే సరదా.

"ఆటా?" అన్నాడు లతీఫ్.

"ఆటే అంకుల్."

"దువా, మొక్కు గట్రా ఏటీ లేదా?"

అలేఖ్య తల అడ్డంగా ఊపింది. లతీఫ్ కూడా తల ఊపాడు. అందరికీ నమస్కారం పెట్టి, వెళ్లి తన స్టూలు మీద కూర్చుని, వైసులో బిగించి ఉన్న చెవిని ఆకురాయితో రాయడం మొదలుపెట్టాడు. ఆ చెవి ఎప్పుడో పూర్తయిపోయింది. నవ్వుతారని కాదు అతని బాధ. తను ఇల్లు అప్పజెప్పింది ఎవరి చేతికి? గోడకి నుదురు ఆనించి ఎవరి ముందు ఏడ్చాడు? ఆ చెవి పిల్లల గోళీ పోయినట్టు పోయింది. అయితే మెహబూబ్ బీ ఎవరి దయ వల్ల బతికినట్టు? ఎన్నాళ్లుగానో మోస్తున్న కృతజ్ఞత దించుకునే చోటే లేకుండా పోయింది.

అప్పుడు టీచరమ్మ బడ్డీ ముందుకి వచ్చింది. వెనక చెక్క మీద వేలాడుతున్న చెవులకేసి చూస్తూ నిలబడింది. చెయ్యి చాపి ఒక చెవిని ఇటు తిప్పి, దాని బిళ్ల మీది చుక్కల్ని చదివింది. ఇంకోటి తిప్పింది.

"భాయ్, ఈ బిళ్లలన్నీ మీరే రాస్తారా?"

"అవునమ్మా."

"మెహబూబ్ బీ గారు మీకు ఏమవుతారు?"

ఆకురాయి ఆగింది. ఎన్నో ఏళ్ల తర్వాత లతీఫ్‌కి తన బడ్డీలో చెవులు మోగుతున్న చప్పుడు వినిపించింది.

"నా ఇంటిది."

"ఎలా ఉన్నారు?" అంది ఆమె. అడగడానికే చాలా దూరం వచ్చినట్టు అడిగింది. నిజంగానే వచ్చింది. ఆమె పేరు ఆశాజ్యోతి. ఖరగ్‌పూర్‌లో మూడు తరాలుగా స్థిరపడ్డ రైల్వే తెలుగువాళ్ల ఇంటి మనిషి. ఆరేళ్ల కిందట విశాఖ చూడటానికి వచ్చినప్పుడు ఈ డబ్బా తీసి, చెక్క పడవ పెట్టి, చెవి తీసుకుంది. తెలుగు చదవడం వచ్చు కాబట్టి బిళ్ల మీద ఏముందో ఆమెకి అర్థమైంది. ఈ ఆటలో ఒక ఆచారం ఉంది. ఏదైనా పని మీద బయల్దేరిన వస్తువు దొరికితే దాన్ని దాచుకోకూడదు, ఇంకో ఊరి డబ్బాలో పెట్టి ముందుకి పంపాలి. బిళ్ల మీద మనిషి పేరు, జబ్బు, కోరిక ఉన్నాయి కాబట్టి ఇది పని మీద తిరగాల్సిన చెవి అనుకుంది. దాని మీద రాసింది ఇంగ్లీషులోకి మార్చి, అందరికీ కనిపించేలా ఆట పేజీలో పెట్టి, చెవిని సాగనంపింది.

"నేను పెద్దగా పూజలు చేసేదాన్ని కాదు భాయ్. కానీ ఊరు చేరిన రోజు మా ఇంటి పక్క కాళీ గుడికి వెళ్లాను. తెలియని మనిషి కోసం ఏం అడగాలో తెలియలేదు. ఊరికే పేరు చెప్పి వచ్చాను. ఆ తర్వాత ఆవిడ లేచారో లేదో ఎవరిని అడగాలో తెలియక ఇన్నేళ్లూ ఉండిపోయాను. ఇక్కడ అందరూ కలుస్తున్నారంటే, ఎవరికైనా తెలుస్తుందేమోనని వచ్చాను."

ఫోనులో బొమ్మలు చూపించింది. కోల్‌కతాలో ఎవరో చర్చిలో కొవ్వొత్తి పక్కన ఆ చెవిని పెట్టి తీశారు. అజ్మీర్ వెళ్లే కుర్రాడొకడు దాన్ని దర్గా దాకా తీసుకెళ్లి తెచ్చాడు. కఠ్మాండూలో ఒక ముసలాయన, ఇస్తాంబుల్‌లో ఇద్దరు ఆడపిల్లలు. ఏమీ నమ్మనివాళ్లు కూడా ఉన్నారు. ఈ రోజు ఆవిడ గురించి తలుచుకున్నాను అని మాత్రం రాసి ముందుకి పంపారు. ప్రతి బొమ్మలోనూ ఒక అరచెయ్యి, దాని మీద తన చెవి. నల్లటి చెయ్యి, తెల్లటి చెయ్యి, గోరింటాకు చెయ్యి, కాయలు కాసిన చెయ్యి. ఇప్పుడు అది పోర్చుగల్‌లో సముద్రం ఒడ్డున ఎక్కడో ఉందట.

డచ్ అతను ముందుకి వచ్చి అలేఖ్యతో ఏదో అన్నాడు. "ఆ చెవి గురించి ఆయనకీ తెలుసంట అంకుల్. వాళ్ల దేశంలో ఒక ఊళ్లో దొరికిందంట. ఆయన పంపిందే పోర్చుగల్ వెళ్లింది. ఆంటీ ఎలా ఉన్నారని అడుగుతన్నారు."

లతీఫ్ చేతిలోని ఆకురాయి కింద పెట్టాడు. చోటు ఎవరిదో వెతికాడు, ఏ పెద్దాయనదో అని. ఆ మనుషులే వచ్చి తన బడ్డీ ముందు నిలబడి తన భార్య ఎలా ఉందని అడుగుతున్నారు. ఇంతకంటే ఎవరికి పెట్టాలి తీపి? ఎవరికి పెడితే తీరుతుంది ఈ మొక్కు?

"ఇంటికాడ ఉంది," అన్నాడు. "మీరే సూద్దురు గాని, రండి. అందరూ రండి."

మెహబూబ్ బీ ఆస్పత్రిలో ఉన్న రోజులు తప్పిస్తే, జీవితంలో మొదటిసారి పట్టపగలు బడ్డీ మూశాడు.

ఆదివారం పూట చెప్పాపెట్టకుండా పది మందిని వెంటేసుకొచ్చిన మొగుడిని ఏ ఇల్లాలైనా ఎలా చూస్తుందో మెహబూబ్ బీ అలాగే చూసింది. సేమ్యా చెయ్యమన్నాడు. పాలు లేవంది. తెచ్చాడు. నెయ్యి చాలదంది. అదీ తెచ్చాడు. ఎవరు వీళ్లంతా అంటే, నీ కోసమే వచ్చారన్నాడు. ఇతనికి మతి పోయిందనుకుని ఆవిడ పొయ్యి వెలిగించింది. చిన్న ఇల్లు. కొందరు మంచం మీద, కొందరు చాప మీద, డచ్ జంట గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. అందరి చూపూ ఆవిడ మీదే ఉంది. గిన్నె దించితే చూస్తున్నారు, వంగితే చూస్తున్నారు. ఆశాజ్యోతి అయితే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా చూస్తోంది.

సేమ్యా గిన్నెలు అందరి చేతుల్లోకీ వచ్చాక, లతీఫ్ నిలబడి, కళ్లు మూసుకుని ఫాతిహా ప్రార్థన చదువుకున్నాడు. వాళ్లు మొదటి చెంచా నోట్లో పెట్టుకునే వరకు అతను కూర్చోలేదు.

అప్పుడు పుణె కుర్రాళ్లలో ఒకడు, పొద్దున్న దొంగ అన్నవాడే, సిగ్గుపడుతూ అడిగాడు. ఆట పేజీలో అందరూ ఆరేళ్లుగా పందేలు వేసుకుంటున్నారట. ఆ చెవి దేనిది అని. ఓడలో కేబిన్‌ది అని కొందరు, నగల పెట్టెది అని కొందరు. ఇంతకీ ఏ తాళానిది?

లతీఫ్ భార్యకేసి చూశాడు. మొక్కు తీరింది, ఇక చెప్పొచ్చు. లేచి వెళ్లి, గుమ్మం తలుపుకి వేలాడుతున్న తాళాన్ని చేత్తో పట్టుకుని చూపించాడు.

"దీందే."

మెహబూబ్ బీ గరిట పట్టుకునే ముందుకి వచ్చింది. "నా సెవా?" అంది. "నువ్వు పారేసుకోలేదా?"

"లేదు."

"ఆరేళ్లు నాను తిడతంటే నోరు మూసుకుని పడ్డావా?"

"మొక్కు గదేటి. సెప్పకూడదు గదా."

ఆవిడ గరిట పక్కన పెట్టి చాప మీద కూలబడినట్టు కూర్చుంది. ఆశాజ్యోతి పక్కన చేరి ఫోను ఆమె ఒళ్లో పెట్టి ఒక్కొక్క బొమ్మా జరిపింది. మెహబూబ్ బీ కళ్లు చికిలించి చూసింది. కొవ్వొత్తి పక్కన తన చెవి. మంచుకొండల ముందు తన చెవి. ఎవరెవరి అరచేతుల్లోనో తన పేరు. చాలాసేపు చూసి, చెంగుతో ముఖం తుడుచుకుని, ఆశాజ్యోతి చెయ్యి తీసుకుని ఆ అరచేతిని తన చెంపకి ఆనించుకుంది.

"నాకేటీ తెల్దమ్మా," అంది. "నాను బతికింది డాక్టరు మందుల వల్లే అనుకున్నాను."

"పోర్చుగల్ వాళ్లకి రాస్తే చెవి వెనక్కి పంపిస్తారు ఆంటీ," అంది అలేఖ్య. "తెప్పించమంటారా? లేదంటే తాళమైనా మార్చెయ్యండి. అన్ని చేతులు మారింది కదా."

అందరూ లతీఫ్ వైపు చూశారు. ఎన్నో ఏళ్లుగా ఊరికంతా చెబుతున్న మాట అతని నోటి దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. మెహబూబ్ బీ చాప మీంచి లేచి, చెంగు దోపుకుని, ఖాళీ అయిన గిన్నెలు అందుకుంది.

"తాళం మార్సొద్దు," అంది. "సెవి కూడా తిరగనీ తల్లీ, తెప్పించకు. అంతమంది సేతిలో మా ఇంటి సెవి ఉందంటే, ఏ ఊరినించి ఎవులొచ్చి ఎప్పుడు తలుపు తీత్తారో తెల్దు. ఒచ్చీసరికి లోపల నాను ఉండాలి గదా."

ఆ డబ్బా ఇప్పుడు లతీఫ్ బడ్డీ చెక్క కింద ఉంది. వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి అతను ఇప్పటికీ వీపు తిప్పుతాడు. ఆ ఆదివారం సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, బడ్డీ సొరుగులోంచి సన్నమూతి నూనె డబ్బా తెచ్చి, గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, తన ఇంటి తాళానికి నూనె వేశాడు. కొత్త చేతికి కూడా తేలిగ్గా తిరగాలని.